అప్పగింత అయ్యేదాకా

మా నర్సులందరిలోకీ చిన్నదైన చిన్నమ్మాయిని పనిలోంచి తీసేసి గేటు బయటికి పంపేటప్పుడు ఆమె కాళ్లకు వార్డు చెప్పులే ఉన్నాయి. సొంత చెప్పులు లోపల, మేం బట్టలు మార్చుకునే గదిలో బల్ల కింద ఉండిపోయాయి. తెచ్చుకుంటానని అడిగింది. కాపలావాడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. మెడలో కార్డు తీయించుకున్నారు, అల్మరా తాళం తీయించుకున్నారు, చెప్పులు మాత్రం ఇవ్వలేదు. మండుటెండలో ఆ రబ్బరు చెప్పులతోనే రోడ్డు దాటి వెళ్లిపోయింది.

"మా నాన్నని చంపేసి ఎక్కడికే పోతున్నావ్!" అని ఆ తెల్లవారుజామున వార్డులో చనిపోయిన మేస్త్రి కూతురు గేటు పట్టుకుని అరుస్తోంది. ఆమెను ఎవరూ ఆపలేదు. ఆపకపోవడమే మేనేజరుకు కావలసింది.

మేం ఏడెనిమిది మందిమి మెట్ల మీద నిలబడి చూశాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. డ్యూటీ చేసి కాళ్లు వాచి ఉన్నాయి, ఇంటికెళ్తే వంట ఉంది, రేపు మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి. అలసట మనిషిని ఎంత పిరికిదాన్ని చేస్తుందో మీకు ఇప్పుడు తెలియదు. మీరింకా తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుని నర్సింగు క్లాసులకు వెళ్లే పిల్లలు. రేపు వార్డులోకి వచ్చేది మీరే కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మా వార్డులో మొదటినుంచీ ఒక అలవాటు ఉండేది. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు, ఆయమ్మ ముగ్గురం కలిసి మంచం మంచం దగ్గరా ఆగేవాళ్లం. డాక్టరు ఉంటే ఆయన కూడా వచ్చేవాడు. "ఈయనకు పొద్దున జ్వరం తగ్గింది, మూత్రం తక్కువగా వస్తోంది, కనిపెట్టుకుని ఉండు" అని దిగే నర్సు చెప్పాలి. ఎక్కే నర్సు అదే మాట తన నోటితో మళ్లీ అనాలి. అని, చివర్లో "తీసుకున్నా" అనాలి. తీసుకున్నా అనే మాట వినపడందే దిగే నర్సు ఆ మంచం దగ్గరినుంచి కదలకూడదు. దీన్ని మేం అప్పగింత అనేవాళ్లం. పెట్టింది పెద్దక్క. వార్డులో పెద్ద నర్సు ఆమె. నర్సులకూ ఆయమ్మలకూ ఆమె పెద్దక్కే, ఆఖరికి జుట్టు నెరిసిన రోగులకు కూడా. చెప్పింది తిరిగి చెప్పకుండా ఊరికే తలూపితే ఆమెకు ఒళ్లు మండేది. "తల ఊపడానికి నువ్వేమన్నా టేబుల్ ఫ్యానువా? నోటితో చెప్పు" అనేది.

తర్వాత ఆసుపత్రిని కాంట్రాక్టుకిచ్చారు. నర్సులం ఒక కంపెనీ మనుషులమయ్యాం, ఆయమ్మలు ఇంకో కంపెనీ మనుషులయ్యారు. అందరి మీదా ఒక మేనేజరు వచ్చాడు. ఆయన మనుషుల ముఖం చూసేవాడు కాదు, చేతి వాచీ చూసేవాడు. అందుకని ఆయమ్మలు గడియారం అని పేరు పెట్టారు.

గడియారం వచ్చీ రాగానే అప్పగింత మీద పడ్డాడు.

"ఒక్క మంచానికి ఇద్దరు నర్సులెందుకు? కబుర్లకా? బెల్లు కొట్టగానే దిగేవాళ్లు వేలిముద్ర వేసి బయటుండాలి. ఎక్కేవాళ్లు కంప్యూటర్ చూసుకుంటారు."

వార్డు మొత్తానికి ఒకటే కంప్యూటరు. అది కూడా మా హాజరు ఎక్కించడానికే సగం రోజు పనిచేసేది. వార్డు ఫోను తీసి తన గదిలో పెట్టుకున్నాడు. మా సెల్లులు గేటు దగ్గరే తీసేసుకునేవారు. ఆయమ్మలు వేరే కంపెనీ కాబట్టి నర్సులతో నేరుగా మాట్లాడకూడదన్నాడు. ఏదైనా ఉంటే తనకు చెప్పాలట, తాను మాకు చెబుతాడట. అంటే వార్డులో ఏ మాట పుట్టినా ఆయన గదిలోకి వెళ్లి రావాలి. వెళ్లిన మాటలు చాలా ఉన్నాయి. తిరిగొచ్చిన మాట ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

మేం గొణుక్కున్నాం. అంతకుమించి ఏమీ చేయలేదు.

తాపీ మేస్త్రి పక్షవాతంతో వచ్చాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా మనిషి సరదా మనిషి. వార్డు గోడ చూసి, "ఎవడు పూశాడమ్మా ఈ గోడ, వంకరగా ఉంది" అని ఎడమ చేత్తో చూపించి మమ్మల్ని నవ్వించేవాడు. కోలుకుంటున్నాడు కూడా.

ఆ రోజు పొద్దున ఆయమ్మ ఆయన పెదాలు తడుపుతుంటే దగ్గు వచ్చింది, కళ్లు ఎర్రబడ్డాయి. ఆయమ్మకు అనుమానం వచ్చింది. నిబంధన ప్రకారం వెళ్లి గడియారానికి చెప్పింది. "నీ తుడుపు పని నువ్వు చూసుకో" అన్నాడు ఆయన.

మధ్యాహ్నం డ్యూటీ మారే ముందు చిన్న డాక్టరు వచ్చి చెంచాతో నీళ్లు పోసి చూశాడు. మేస్త్రి మింగలేకపోయాడు. నీళ్లు ఊపిరితిత్తుల దారి పడుతున్నాయని డాక్టరుకు అర్థమైంది. నోటితో చుక్క కూడా ఇవ్వొద్దు, సాయంత్రం ముక్కులోంచి గొట్టం వేద్దాం అని పెద్దక్కకు చెప్పి, పక్క వార్డులో ఎవరికో ఆయాసం వస్తే పరుగెత్తాడు. మూడు వార్డులకు ఆయన ఒక్కడే డాక్టరు. ఆ మాట ఆయన కంప్యూటర్లో ఎక్కించేసరికి గంట దాటింది.

పెద్దక్క ఆ మాట చెప్పడానికి చిన్నమ్మాయి కోసం చూస్తోంది. బెల్లు కొట్టింది. గడియారం గుమ్మంలో నిలబడ్డాడు.

"బయటికి."

"ఒక్క మాట చెప్పి వెళ్తాను సార్, ఆ మేస్త్రి..."

"కంప్యూటర్లో ఉంటుంది. బయటికి."

చిన్నమ్మాయి అప్పటికి మెట్ల కింద, లోపలికి రావడానికి వేలిముద్రల వరసలో ఉంది. దిగేవాళ్ల దారి వేరు, ఎక్కేవాళ్ల దారి వేరు. అది కూడా గడియారం పెట్టిన ఏర్పాటే. పెద్దక్క గేటు దాటగానే సెల్లు తీసుకుని వార్డుకు ఫోన్ చేసింది. ఫోను మోగింది గడియారం గదిలో. "చెప్తాలేమ్మా" అని పెట్టేశాడు.

నేను కూడా ఆ డ్యూటీకే ఎక్కాను. చివరి మంచాల దగ్గర సూదిమందు ఎక్కిస్తున్నాను. చిన్నమ్మాయి వరసగా మాత్రలు ఇచ్చుకుంటూ వస్తోంది. నిన్నటిదాకా మేస్త్రి మాత్ర మింగినవాడే. కూతురు అప్పుడే లోపలికొచ్చి తండ్రి తల పట్టుకుంది. చిన్నమ్మాయి మాత్ర వేసి, గ్లాసు పెదవులకు ఆనించింది.

ఆ తర్వాత జరిగింది నేను వర్ణించను. వార్డులో పనిచేసేవాళ్లకు తెలుసు, మీకు కూడా ఒక రోజు తెలుస్తుంది. చిన్నమ్మాయి చేయగలిగినదంతా చేసింది. చిన్న డాక్టరు పరుగున వచ్చి చేయగలిగినదంతా చేశాడు. తెల్లవారేసరికి మేస్త్రి పోయాడు.

గడియారం వెంటనే చేతులు దులుపుకున్నాడు. నర్సు నిర్లక్ష్యం అని ఆ రోజే చిన్నమ్మాయిని గేటు బయటికి పంపించాడు. విచారణలో అది తేలగానే పోలీసు కేసు అన్నాడు. చిన్నమ్మాయి వయసు ఎంతని, మొన్న మొన్న మీలాగే క్లాసులో కూర్చున్న పిల్ల. నేరం మీద పడితే మళ్లీ జన్మలో సూది పట్టుకోనివ్వరు. జైలుకు కూడా పోతుంది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. మా ఆయన బస్సు డ్రైవరు. ఏమైందని అడిగాడు, చెప్పాను.

"డిపోలో బండి చేతులు మారితే, బ్రేకు కొంచెం లాగుతోందిరా అని చెప్పకుండా దిగిపోతే తంతారు మమ్మల్ని," అన్నాడు. "మీ దగ్గర చెబుతామంటే తంతున్నారా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక కంచం తీసేశాను.

మర్నాటినుంచి వార్డులో ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. డాక్టరు చెప్పలేదని నర్సులన్నారు. నేను చెప్పాను, నర్సులే వినలేదని డాక్టరన్నాడు. ఆయమ్మలు మమ్మల్ని చూసి మూతి తిప్పుకున్నారు. గడియారం ఒక్కొక్కరినీ విడివిడిగా గదికి పిలిచి కుర్చీ వేశాడు. ఆయన గదిలో మాకు కుర్చీ వేయడం అదే మొదటిసారి. "పక్కవాళ్ల తప్పేంటో చెప్పు, నీకేం కాకుండా నేను చూసుకుంటా" అన్నాడు. నాకూ వేశాడు ఆ కుర్చీ.

పెద్దక్క అది విని, "ఇక చాలు. అందరం ఒకచోట కూర్చోవాలి," అంది.

కూర్చోవడానికి చోటు లేదు. మా ఆయన అడిగితే డిపో వెనక డ్రైవర్ల సంఘం వాళ్లు తమ గది తాళం ఇచ్చారు. గదంతా డీజిల్ వాసన, పాత టైర్లు. నర్సులం వచ్చాం, ఆయమ్మలు వచ్చారు, చిన్న డాక్టరు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చిన్నమ్మాయి ఒక మూల టైరు మీద కూర్చుంది. కాళ్లకు ఇంకా ఆ వార్డు చెప్పులే.

గొడవ వెంటనే మొదలైంది.

"నేను పెద్దక్కకి చెప్పాను. అంతకన్నా ఏం చేయాలి?" అన్నాడు చిన్న డాక్టరు.

"చెప్పి పారిపోతే చెప్పినట్టేనా? చేరిందో లేదో చూడక్కర్లేదా?" అంది మాలో ఒకామె.

"మూడు వార్డులు! పక్కన మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఇక్కడ నిలబడి కబుర్లు చెప్పనా?"

"చూశారా, ఈయన కూడా కబుర్లంటున్నాడు! గడియారం మాటే మాట్లాడుతున్నాడు!"

ఆయమ్మ లేచింది. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, లేవడానికి గోడ పట్టుకోవాలి. లేచాక మాత్రం ఆగలేదు.

"మీరు మీరు కొట్టుకోండి. నేను పొద్దున్నే చూశాను ఆయన దగ్గడం. నర్సమ్మ రెండడుగుల దూరంలో ఉంది. చెప్పకూడదని రూలు. సరే, రూలు గడియారం పెట్టాడు. అంతకుముందు మాత్రం మీరు మా మాట విన్నారా? అప్పగింతలో మమ్మల్ని నిలబెట్టేవాళ్లు, బకెట్టు పట్టుకుని. ఒక్కనాడన్నా నువ్వేం చూశావే అని అడిగారా? ఆ రూలు మీ మనసులో ఎప్పుడో ఉంది. వాడు గోడకి అంటించాడంతే."

పెద్దక్క తల వంచుకుంది.

"నిజమే," అంది. "అడగలేదు."

అప్పుడు గుమ్మంలోంచి మేస్త్రి కూతురు లోపలికొచ్చింది. ఆమెను పిలిచింది ఆయమ్మే, ఇద్దరిదీ ఒకే వీధి. కుట్టు ఫ్యాక్టరీలో పని, జుట్టుకు దారం పోగులు అంటుకుని ఉన్నాయి. చిన్నమ్మాయిని చూడగానే మీదికి వెళ్లబోయింది. పెద్దక్క అడ్డం వెళ్లింది.

"తిట్టాలంటే నన్ను తిట్టమ్మా. మీ నాన్న మింగలేడని నాకు తెలుసు. ఆ మాట నా నోట్లో ఉండగానే నన్ను బయటికి తోశారు. ఈ ఆయమ్మకి తెలుసు, ఆమె నోరు నొక్కారు. ఈ డాక్టరుకి తెలుసు, ఈయన్ని నిలబడనివ్వలేదు. తెలియంది ఈ పిల్లొక్కదానికే. గ్లాసు పెట్టింది కూడా ఈ పిల్ల చేతిలోనే."

మేస్త్రి కూతురు గదిలో ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది.

"ఇంతమందికి తెలుసా?" అంది చివరికి. "ఇంతమందికి తెలిసి మా నాన్న చచ్చిపోయాడా?"

చిన్నమ్మాయి లేచి వెళ్లి ఆమె ముందు కూర్చుంది. ఆమె పాదాలు పట్టుకుంది. కూతురు పాదాలు లాక్కుంది. లాక్కుని, కాసేపటికి తనూ నేల మీద కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. మేం చూస్తూ కూర్చున్నాం.

కళ్లు తుడుచుకుని ఆమే అడిగింది: "ఇప్పుడేం చేస్తారు?"

నిర్ణయం అక్కడే జరిగింది. విచారణకు ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. అప్పగింత ఎవర్నీ అడగకుండా మొదలుపెట్టాలి. దిగేవాళ్లు చెప్పందే దిగరు, ఎక్కేవాళ్లు విననిదే మందు ముట్టుకోరు. ఈసారి ముందు ఆయమ్మ చెప్పాలి, తర్వాత నర్సు చెప్పాలి, డాక్టరు నిలబడి వినాలి. చిన్న డాక్టరు భయపడ్డాడు. ఆయన ఉద్యోగం కూడా కాంట్రాక్టే. అయినా గుమ్మం దగ్గర్నుంచి లోపలికొచ్చి కూర్చున్నాడు.

విచారణ రోజు గడియారం తలుపు తీసి, "ఒక్కొక్కరు రండి," అన్నాడు. అందరం ఒకేసారి లోపలికెళ్లాం. కుర్చీ ఒక్కటే ఉంది, ఆయమ్మను కూర్చోబెట్టాం.

"ఏంటిది? సంతా?"

"కాదు సార్," అంది పెద్దక్క. "మా అందరి దగ్గరా తలా ఒక ముక్క ఉంది. విడివిడిగా చెబితే మీరు ఒకదానికొకటి కలవనివ్వరు. అందుకని కలిపి చెప్పడానికొచ్చాం."

ఆయమ్మ తన ముక్క చెప్పింది, డాక్టరు తన ముక్క చెప్పాడు, పెద్దక్క తను చేసిన ఫోను సంగతి చెప్పింది. గడియారం ముఖం మాడిపోయింది. ఫోను రాలేదన్నాడు. ఆయమ్మ తన దగ్గరికి రాలేదన్నాడు. మమ్మల్ని బయటికి గెంటించి, విచారణ వాయిదా అన్నాడు.

ఆ మధ్యాహ్నం బెల్లు కొట్టింది. ఎవరూ కదల్లేదు. మొదటి మంచం దగ్గర ఆయమ్మ గొంతు సవరించుకుని, "ఈ పెద్దాయన పొద్దుట్నించీ ఎడం కాలు గోక్కుంటున్నాడు, వాపు కనపడుతోంది," అంది. ఆమె చెప్పిందంతా నేను తిరిగి చెప్పి, తీసుకున్నా అన్నాను. పెద్దాయన మంచం మీదినుంచే, "ఇంకా నిద్ర పట్టట్లేదని కూడా చెప్పండమ్మా" అన్నాడు. వార్డు నవ్వింది. మేస్త్రి పోయాక ఆ వార్డులో నవ్వు వినపడడం అప్పుడే.

జీతాలు కోశారు. మేం ఆపలేదు. పక్క వార్డు మొదలుపెట్టింది, తర్వాత కాన్పుల వార్డు. ఇంటికెళ్లేసరికి ఆలస్యమయ్యేది, కాళ్లు ఇంకా వాచేవి. ఒక రోజు మా ఆయన వేణ్నీళ్ల బకెట్టు నా ముందు పెట్టి, "ఎన్నాళ్లు?" అని అడిగాడు. తెలీదన్నాను. గొప్పగా చెప్పాలని ఉంది కానీ నిజంగా తెలీదు.

చివరికి గడియారం పోలీసుల్ని పిలిచాడు. ఆసుపత్రి పనికి ఆటంకం కలిగిస్తున్నారని ఫిర్యాదు. బెల్లు కొట్టి మేం మొదటి మంచం దగ్గర నిలబడేసరికి ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు.

"పెద్దక్క అంటే ఎవరు? నడువమ్మా."

"వస్తాను బాబూ. అప్పగింత అయ్యేదాకా ఆగండి."

"ఏం అప్పగింత?"

"మీ స్టేషన్లో డ్యూటీ మారేటప్పుడు లాకప్పులో ఎవరున్నారో చెప్పుకోరా? చెప్పకుండా తాళం చెవి విసిరేసి పోతారా?"

వెనక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు కసిరాడు కానీ, కదిలించలేదు. మంచాల మీది జనం లేచి కూర్చుని చూస్తున్నారు. రోగుల మనుషులు గుమ్మం నిండా నిలబడ్డారు. వాళ్ల ముందు మేస్త్రి కూతురు ఉంది.

"పోయింది మా నాన్న," అంది ఆమె. "కేసు పెట్టాల్సింది నేను. నేను పెట్టేది వీళ్ల మీద కాదు సార్, ఫోనెత్తి నోరు మూసుకున్న ఆయన మీద. రాసుకోండి."

గడియారం ఏదో అనబోయాడు. జనం గొంతులు లేచాయి, ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

పెద్దక్క మంచం తర్వాత మంచం నడిచింది. కంగారు లేదు, తొందర లేదు. వెనక నేను, ఆయమ్మ, చిన్న డాక్టరు, మా వెనక టోపీ చేతిలో పట్టుకుని ఇన్‌స్పెక్టరు. ఎవరి పుండు ఎలా ఉందో, ఎవరికి ఏ మందు పడదో, ఎవరు రాత్రి భయపడతారో చెప్పింది. ప్రతి మంచం దగ్గరా నేను తిరిగి చెప్పాను. మేస్త్రి పడుకున్న మంచం మీద ఇప్పుడు ఇంకెవరో ముసలామె. అక్కడ పెద్దక్క ఒక్క క్షణం ఆగి, దుప్పటి సర్ది, "ఈమె మింగుతోంది. అయినా ప్రతిసారీ చూసి ఇవ్వు," అంది. తీసుకున్నా అన్నాను.

వ్యాను మెట్ల కిందే ఉంది. మూడు వార్డుల జనం బయటికొచ్చారు. గేటు అవతల చిన్నమ్మాయి, ఆమె పక్కన మా ఆయనతో వచ్చిన డిపో డ్రైవర్లు నిలబడి ఉన్నారు, లోపలికి రానివ్వలేదు. పెద్దక్క వ్యాను మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇంకొకటి మిగిలింది," అంది వార్డులో చెప్పే గొంతుతోనే. "చిన్నమ్మాయి ఉద్యోగం ఇంకా తిరిగి రాలేదు. ఆమె మీద కేసు మాట ఇంకా పోలేదు. ఆయమ్మ మాట్లాడకూడదన్న రూలు ఇంకా గోడ మీదే ఉంది. మేస్త్రికి న్యాయం జరగలేదు. పని మధ్యలో ఉంది. కనిపెట్టుకుని ఉండండి."

తల ఊపితే ఆమె ఊరుకోదని మాకు తెలుసు. ముందు ఆయమ్మ అందుకుంది. "చిన్నమ్మాయి ఉద్యోగం." తర్వాత నేను, తర్వాత డాక్టరు, తర్వాత మేస్త్రి కూతురు, గేటు అవతలినుంచి బస్సు డ్రైవర్లు. చెప్పిందంతా ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పాం. చెప్పి, అందరం ఒక్క గొంతుతో అన్నాం.

"తీసుకున్నాం!"

అప్పుడు పెద్దక్క వ్యాను ఎక్కింది.

వ్యాను వెళ్లిపోయింది. నా కాళ్లు లాగేస్తున్నాయి. లోపల ఎవరిదో సెలైను అయిపోవస్తోందని ఆయమ్మ చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆమె బట్టలు మార్చుకునే గదిలోకి దూరి, బల్ల కింద ఉన్న చిన్నమ్మాయి చెప్పులు కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. ఎవరూ వాటిని కదపొద్దని చెప్పింది. తీసుకున్నా అని, సెలైను మార్చడానికి వార్డులోకి నడిచాను.